జాతి వివక్షపై రాసే స్వతంత్ర జర్నలిస్టులకు అండగా నిలవడం ఎలా? అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు

2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న కందుల జాహ్నవిని పోలీసు కారు ఢీకొట్టింది. ఆదోని నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన అమ్మాయి. ఆమె చావు గురించి ఒక పోలీసు అధికారి ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన బాడీ కెమెరా వీడియో జనం ముందుకు వచ్చింది మాత్రం సెప్టెంబరులో. అప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ ఆ వీడియోతోనే నిండిపోయాయి. జనవరికీ సెప్టెంబరుకీ మధ్య ఈ కేసు మనలో ఎంతమందికి గుర్తుంది?

విలేకరులు అసలు పని చేసేది అలాంటి నెలల్లోనే. పోలీసు శాఖకు అర్జీ పెట్టి రికార్డులు అడగడం, ఇవ్వకపోతే మళ్లీ అడగడం, కోర్టు ఫైళ్లు తిరగేయడం, చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్లి కూర్చోవడం. ఇవి చేసినన్నాళ్లూ వైరల్ అయ్యేది ఏదీ ఉండదు, ఆదాయమూ ఉండదు. పెద్ద చానెల్ జీతం లేకుండా, సొంత న్యూస్‌లెటరో చిన్న వెబ్‌సైటో నడుపుకుంటూ ఈ పని చేస్తున్న నల్లజాతి, లాటినో, నేటివ్ అమెరికన్, ఆసియా సంతతి జర్నలిస్టులు అమెరికాలో చాలామంది ఉన్నారు. గొడవ జరిగిన వారం షేర్ చేసేవాళ్ల కంటే, గొడవేమీ లేని నెలల్లో చందా కట్టేవాళ్లు వాళ్లకు ఎక్కువ అవసరం. అది ఎలా చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

ఇది మనకెందుకు అనేవాళ్లకు ఒక్క సంగతి. 1965 వలస చట్టానికి ముందు ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా ఉండేది. దాన్ని ఎత్తేసిన చట్టం పౌరహక్కుల ఉద్యమం వేడిలో వచ్చింది. నల్లజాతి జనం దెబ్బలు తిని తెరిపించిన తలుపులోంచే మన ముందుతరం డాక్టర్లూ ఇంజినీర్లూ లోపలికి వచ్చారు.

ముందు మెంఫిస్ కథ

ఎవరికి ఇవ్వాలో చూసే ముందు, ఇస్తే ఏం జరుగుతుందో తెలియాలి. ఒకే ఊరి నుంచి రెండు ఉదాహరణలు చెబుతాను.

1892 మార్చిలో టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో పీపుల్స్ గ్రోసరీ అనే కొట్టు నడుపుతున్న ముగ్గురు నల్లజాతివాళ్లను తెల్లవాళ్ల మూక జైల్లోంచి లాక్కెళ్లి చంపేసింది. వాళ్లలో ఒకరైన థామస్ మాస్ ఐడా బి. వెల్స్‌కు స్నేహితుడు. ఆమె అక్కడ ఫ్రీ స్పీచ్ అనే పత్రిక నడిపేది. ఈ హత్యల వెనక ఉన్నది నేరమూ కాదు, న్యాయమూ కాదు, వ్యాపారంలో పోటీ అని పేపర్లో పెట్టింది. మే నెలలో ఆమె ఊళ్లో లేని సమయం చూసి పత్రికాఫీసును ధ్వంసం చేశారు. తిరిగి వస్తే ప్రాణం దక్కదని హెచ్చరించారు. ఆమె న్యూయార్క్‌లో ఉండిపోయింది, అక్కడ న్యూయార్క్ ఏజ్ పత్రికలో రాసింది. ఆ అక్టోబరులో న్యూయార్క్, బ్రూక్లిన్ ప్రాంతాల నల్లజాతి మహిళలు లిరిక్ హాల్లో సభ పెట్టి ఆమెకు 500 డాలర్లు పోగుచేసి ఇచ్చారు. కలం ఆకారంలో చేయించిన బంగారు బ్రోచ్ కూడా ఇచ్చారు. మూక హత్యల మీద ఆమె చేసిన పరిశోధన ఆ డబ్బుతోనే చిన్న పుస్తకంగా అచ్చయింది. ప్రభుత్వం సాయం చేయలేదు, పెద్ద పత్రికల యజమానులూ చేయలేదు. టీచర్లు, రచయితలు, ఇళ్లు నడుపుకునే ఆడవాళ్లు చేశారు. 2020లో పులిట్జర్ కమిటీ ఆమెకు మరణానంతరం ప్రత్యేక గౌరవం ప్రకటించింది.

అదే మెంఫిస్‌లో 2017లో వెండీ థామస్ అనే జర్నలిస్టు ఎంఎల్‌కే50 అనే లాభాపేక్ష లేని వార్తా సంస్థ మొదలుపెట్టింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి 50 ఏళ్లు నిండే సందర్భంగా, ఏడాదిపాటు నడిపే ప్రాజెక్టుగా అనుకున్నది ఆగకుండా సాగింది. 2019లో ఆమె ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తా సంస్థతో కలిసి ఒక ఆస్పత్రి వ్యవస్థ గురించి రాసింది. మెథడిస్ట్ లబోనర్ హెల్త్‌కేర్ అనే ఆ సంస్థ 2014 నుంచి 2018 దాకా, బిల్లు కట్టలేని రోగుల మీద 8,300కు పైగా దావాలు వేసింది. దావా పడ్డవాళ్లలో ఆ ఆస్పత్రిలోనే తక్కువ జీతానికి పనిచేస్తున్న ఉద్యోగులు కూడా ఉన్నారు. నడిపేదేమో ఒక చర్చికి అనుబంధంగా ఉన్న ధర్మసంస్థ. ఈ కథనాల తర్వాత ఆస్పత్రి 5,300 మందికి పైగా బాకీదారుల అప్పు, మొత్తం 1 కోటి 19 లక్షల డాలర్లు మాఫీ చేసింది.

ఇందులో కెమెరా ముందు జరిగిన ఘోరం ఏదీ లేదు. పేదవాళ్లు, ఎక్కువగా నల్లజాతివాళ్లు ఉండే ఊళ్లో కోర్టు గుమాస్తా దగ్గర దొరికే దావా కాగితాలే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చదవడానికి ఎవరో నెలల తరబడి కూర్చోవాలి, కూర్చున్నన్నాళ్లూ ఆ మనిషి ఇంటి అద్దె ఎక్కడినుంచో రావాలి. మీరు కట్టే చందా వెళ్లేది అక్కడికే. పైగా తనను ప్రెస్ జాబితా నుంచి తప్పించారని 2020లో వెండీ థామస్ మెంఫిస్ నగరంపై కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. పెద్ద పేపర్ విలేకరికి ఫోన్ చేస్తే దొరికే సమాచారం కోసం ఒంటరిగా పనిచేసేవాళ్లు వకీలును పెట్టుకోవాలి.

మీ ఊరి నుంచి మొదలుపెట్టండి

దేశమంతటా పేరున్నవాళ్లను వెతకడం కంటే, మీరు ఇల్లు కొనుక్కున్న ఊళ్లో, మీ పిల్లలు చదివే స్కూలు జిల్లాలో ఎవరు రాస్తున్నారో చూడండి. వాళ్లు రాసింది నిజమో కాదో మీకు తెలుస్తుంది, వాళ్ల పని ఫలితమూ మీకు కనిపిస్తుంది.

సియాటిల్‌లో ఉంటే సౌత్ సియాటిల్ ఎమరాల్డ్ చదవండి. 2014లో మార్కస్ హారిసన్ గ్రీన్ మొదలుపెట్టింది. అట్లాంటాలో క్యాపిటల్ బి ఉంది. 2022లో మొదలైన నల్లజాతి వార్తా సంస్థ ఇది, దేశవ్యాప్త వార్తలతో పాటు అట్లాంటా, ఇండియానాలోని గ్యారీ ఊళ్ల కోసం విడిగా స్థానిక బృందాలను పెట్టుకుంది. మినియాపొలిస్ వైపు ఉండేవాళ్లకు సాహన్ జర్నల్. సోమాలియాలో పుట్టిన ముఖ్తార్ ఇబ్రహీం 2019లో పెట్టింది, వలస కుటుంబాల గురించి, రంగు వల్ల వివక్ష ఎదుర్కొనేవాళ్ల గురించి రాస్తుంది. చికాగోలో ది ట్రైబ్. డెట్రాయిట్‌లో అవుట్‌లయర్ మీడియా, ఇది అద్దె ఇళ్లవాళ్లకు, పన్ను బకాయిల్లో ఉన్నవాళ్లకు నేరుగా ఫోనుకు మెసేజ్ రూపంలో సమాచారం పంపుతుంది. న్యూయార్క్‌లో వలసదారుల కోసం రాసే డాక్యుమెంటెడ్, క్వీన్స్ నుంచి నడిచే ఎపిసెంటర్ ఎన్‌వైసీ. ఈ రెండోది భారతీయ సంతతి జర్నలిస్టు మిత్రా కలిత కరోనా రోజుల్లో మొదలుపెట్టింది. ఆమే ఫిలడెల్ఫియాలో నల్లజాతివాళ్ల రేడియో నడిపే సారా లోమాక్స్‌తో కలిసి యూఆర్ఎల్ మీడియా అనే కూటమిని కూడా స్థాపించింది. డాలస్, హ్యూస్టన్‌లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా, అక్కడ డాలస్ వీక్లీ, హ్యూస్టన్ డిఫెండర్ ఉన్నాయి. నేటివ్ అమెరికన్ల వార్తలకు ఐసీటీ.

ఇవన్నీ సంస్థలు. ఒక్కరే నడిపే న్యూస్‌లెటర్లు దొరకాలంటే ఒక చిన్న ఉపాయం ఉంది. ఈ సైట్లలో మీకు నచ్చిన వార్త రాసిన మనిషి పేరు చూడండి. చాలామంది ఫ్రీలాన్సర్లు, ఒక్కో వార్తకు ఇంత అని తీసుకుని రాసేవాళ్లు. ఆ పేరు వెతికితే వాళ్ల సొంత పేజీ దొరుకుతుంది.

ఎంతమందికి ఇవ్వాలి? నా అభిప్రాయం, ఇద్దరు చాలు. ఒకటి మీ ఊరి సంస్థ, ఇంకొకటి ఒంటరిగా రాసే మనిషి. పది చోట్ల తలో రెండు డాలర్లు పంచితే కార్డు ఖర్చులకే ఆరో వంతుకు పైగా పోతుంది.

డబ్బు కట్టే ముందు కొన్ని వారాలు చదవండి

జాతి వివక్ష పేరుతో కోపం అమ్ముకునేవాళ్లు కూడా ఉన్నారు. ఎవరో తీసిన వీడియో తెచ్చి, మీద అరుపులు కలిపి, కింద విరాళం బటన్ పెడతారు. వాళ్లనూ విలేకరులనూ వేరుచేయడం కష్టం కాదు. వార్తలో మనుషుల పేర్లు, తేదీలు, కాగితాలు ఉన్నాయా? ఆరోపణ ఎవరి మీద వచ్చిందో వాళ్లను అడిగారా, వాళ్ల జవాబు వేశారా? తప్పు దొర్లితే దిద్దుబాటు కనపడేలా పెడుతున్నారా? డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెబుతున్నారా? నాకు వీటన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇంకోటి ఉంది. ఆరు నెలల కిందటి కేసు గురించి వాళ్లు మళ్లీ రాశారా అని చూస్తాను. వదలకుండా వెంటపడేవాళ్లే నికరమైన విలేకరులు.

చందా కట్టేటప్పుడు లెక్క చూసుకోండి

మీరు నెలకు 5 డాలర్లు సబ్‌స్టాక్ అనే వేదికలో నడిచే న్యూస్‌లెటర్‌కు కడుతున్నారనుకుందాం. అందులో 10 శాతం, అంటే 50 సెంట్లు సబ్‌స్టాక్ తీసుకుంటుంది. కార్డు చెల్లింపు చేసే కంపెనీ సుమారు 2.9 శాతంతో పాటు ప్రతిసారీ 30 సెంట్లు తీసుకుంటుంది, అది దాదాపు 45 సెంట్లు. అంటే 5 డాలర్లలో 95 సెంట్ల దాకా దారిలోనే పోయింది. ఏడాదికి 11 డాలర్ల పైన. అదే 60 డాలర్లు ఏడాది చందాగా ఒకేసారి కడితే పోయేది 8 డాలర్లు. కాబట్టి మొత్తం చిన్నదైతే ఏడాదికి ఒకేసారి కట్టండి. నెలకు 20, 25 డాలర్లు ఇవ్వగలిగితే మాత్రం నెలనెలా ఇవ్వడమే మంచిది. వచ్చే నెల ఎంత వస్తుందో తెలిస్తేనే వాళ్లు ఒక పెద్ద కథనం నెత్తికెత్తుకోగలరు.

ఫోన్ యాప్‌లోంచి కట్టకండి. యాప్ స్టోర్ తన వాటా తీసుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. బ్రౌజర్ తెరిచి వాళ్ల సొంత సైట్‌లో కట్టండి. లాభాపేక్ష లేని సంస్థలైతే కార్డు ఖర్చు మీరే భరిస్తారా అని ఒక టిక్ బాక్స్ అడుగుతాయి. పెట్టేయండి, పెద్ద మొత్తమేమీ కాదు.

ఈ కొంచెం డబ్బుతో ఏమవుతుందనిపించవచ్చు. చన్నీళ్లకు వేణ్ణీళ్లు తోడన్నట్టు, ఇది వాళ్లకు చాలా పనికొస్తుంది. ఫెడరల్ కోర్టు కాగితాలు పేసర్ అనే సైట్‌లో దొరుకుతాయి, పేజీకి 10 సెంట్లు, ఒక్కో పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు. పోలీసు శాఖలు, స్కూలు బోర్డులు రికార్డులు వెతికి ఇవ్వడానికి విడిగా ఫీజు అడుగుతాయి, కొన్నిసార్లు అడిగినవాళ్లను వెనక్కి పంపడానికే ఎక్కువ చెబుతాయి. పెద్ద పత్రికలో ఇవన్నీ ఆఫీసు ఖర్చులు. సొంతంగా రాసేవాళ్లకు ఇంటి కిరాణా డబ్బు. హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు, ఉద్యోగం పోతే అది ఎంత భయమో మన ఇళ్లన్నిటికీ తెలుసు.

కంపెనీ మ్యాచింగ్ వదులుకోకండి

మనలో చాలామంది పనిచేసే టెక్ కంపెనీల్లో, బ్యాంకుల్లో, ఉద్యోగి విరాళం ఇస్తే అంతే మొత్తం కంపెనీ కూడా ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. బెనెవిటీ లాంటి పోర్టల్‌లో లాగిన్ అయి సంస్థ పేరో, దాని ఈఐఎన్ నంబరో (పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొట్టండి. గుళ్లకు, మన ఊరి స్కూళ్లకు ఇచ్చేటప్పుడు మనవాళ్లు ఈ మ్యాచింగ్ బాగానే వాడతారు. వార్తా సంస్థలకు కూడా వర్తిస్తుందన్న ఆలోచన చాలామందికి రాదు.

దీనికి సంస్థ 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న ధర్మసంస్థగా నమోదై ఉండాలి. ఐఆర్ఎస్ సైట్‌లో వెతికితే తెలుస్తుంది. ప్రోపబ్లికా నడిపే నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో వాళ్ల ఫారం 990 చూడొచ్చు. ఎంత వచ్చింది, జీతాలకు ఎంత పోయింది అన్నీ అందులో ఉంటాయి. జీతాలకు ఎక్కువ పోతోందని కంగారు పడకండి. విలేకరుల జీతాలే కదా మనం ఇవ్వాలనుకుంటున్నది. కొన్ని చిన్న బృందాలకు సొంత నమోదు ఉండదు, వేరే పెద్ద సంస్థ గొడుగు కింద డబ్బు తీసుకుంటాయి. అదీ సక్రమమే, ఆ పెద్ద సంస్థ పేరు రసీదులో ఉంటుంది.

వ్యక్తికి ఇచ్చిన డబ్బుకు, న్యూస్‌లెటర్ చందాకు పన్ను మినహాయింపు రాదు. మినహాయింపు రాలేదని ఒంటరిగా రాసేవాళ్లను వదిలేయడం మాత్రం అన్యాయం. లాభాపేక్ష లేని సంస్థకు ఒకేసారి 250 డాలర్లు, అంతకంటే ఎక్కువ ఇస్తే వాళ్ల నుంచి రాతపూర్వకమైన రసీదు తీసుకుని దాచుకోండి. 2026 పన్ను సంవత్సరం నుంచి, స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లు కూడా నగదు విరాళాలకు ఒంటరివాళ్లయితే 1,000 డాలర్లు, భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2,000 డాలర్ల దాకా మినహాయింపు పొందవచ్చు.

మొదటిసారి ఇస్తున్నవాళ్లు నవంబరు, డిసెంబరుల్లో ఇవ్వడం లాభం. న్యూస్‌మ్యాచ్ అనే ఉమ్మడి కార్యక్రమం కింద చాలా చిన్న సంస్థలకు ఆ రెండు నెలల్లో వచ్చిన విరాళాలకు జోడుగా ఫౌండేషన్ల డబ్బు వస్తుంది. కొత్తగా నెలవారీ చందా మొదలుపెడితే దాన్ని 12 నెలలకు లెక్కగట్టి జోడించే సంస్థలూ ఉన్నాయి. సంస్థ విరాళాల పేజీలో రాసి ఉంటుంది, చూసుకోండి.

వీసా మీద ఉన్నవాళ్ల సందేహాలు

హెచ్1బీ మీదో, ఎఫ్1 మీదో ఉన్నవాళ్లకు ఈ విషయంలో టెన్షన్ సహజం. అమెరికా ఎన్నికల్లో అభ్యర్థులకు, పార్టీలకు గ్రీన్‌కార్డు లేని విదేశీయులు డబ్బు ఇవ్వకూడదు. అది చట్టం. 501(సి)(3) వార్తా సంస్థకు విరాళం ఇవ్వడం, పత్రికకు చందా కట్టడం ఆ నిషేధంలోకి రావు. వాళ్లకు పని చేసిపెట్టి డబ్బు తీసుకోవడం మాత్రం వీసా నిబంధనల్లోకి వస్తుంది, లాయర్‌ను అడగకుండా చేయొద్దు.

వీసా దరఖాస్తులో సోషల్ మీడియా ఖాతాల వివరాలు 2019 నుంచి అడుగుతున్నారు. బహిరంగంగా పోస్టు పెట్టాలా వద్దా అన్నది మీ కుటుంబ పరిస్థితిని బట్టి మీరే తేల్చుకోవాలి. ఎవరినీ తప్పుపట్టే విషయం కాదిది. పోస్టు పెట్టలేకపోతే సాయం చేయలేనట్టు కాదు. చందా కట్టొచ్చు, దాతల జాబితాలో పేరు వేయొద్దని ఒక మాట రాయొచ్చు.

డబ్బు కాక ఇంకేం చేయొచ్చు

ఈమెయిల్ న్యూస్‌లెటర్‌కు పేరు నమోదు చేసుకోండి. సోషల్ మీడియా కంపెనీ తన లెక్కలు మార్చిన రోజున వాళ్ల పాఠకులు మాయమైపోతారు, ఈమెయిల్ జాబితా మాత్రం వాళ్ల చేతిలోనే ఉంటుంది. వార్త పంపేటప్పుడు స్క్రీన్‌షాట్ కాకుండా లింకు పంపండి. గ్రూపులో ఊరికే ఫార్వర్డ్ చేయకుండా, మన ఊళ్లో ఫలానా స్కూలు బోర్డు గురించి రాశారు, మూడో పేరా చదవండి అని ఒక వాక్యం చేర్చండి. దేన్నైనా చదివించేది ఆ వాక్యమే. 1905లో మొదలైన చికాగో డిఫెండర్ పత్రికను రైళ్లలో పనిచేసే నల్లజాతి పోర్టర్లు కట్టలు కట్టి దక్షిణాది ఊళ్లకు చేరవేశారు. అక్కడ దాన్ని అమ్మనివ్వని ఊళ్లు ఉండేవి. చేతులు మారుతూ ఎంతోమంది చదివారు, దాని వల్లే ఎన్నో కుటుంబాలు ఉత్తరాదికి దారిపట్టాయి.

మంచి కథనం తెలుగులోకి తేవాలనిపిస్తే ముందు రాసినవాళ్ల అనుమతి అడగండి. పేరు, లింకు పైనే పెట్టండి. మీ తెలుగు సంఘం సావనీర్‌లో వేసుకుంటే రాసినవాళ్లకు డబ్బు ఇవ్వండి. అలాగే ఉగాదికో దీపావళికో సంఘం సభ పెట్టినప్పుడు స్థానిక జర్నలిస్టును పిలిచి మాట్లాడించవచ్చు. సినిమా గాయకులకు ఎంత ఇస్తామో మనకు తెలుసు, విలేకరిని శాలువా కప్పి ఖాళీ చేతులతో పంపకండి. పిలిచేటప్పుడే గౌరవ వేతనం ఎంతో ఈమెయిల్‌లో రాయండి, సభ రోజే ఇచ్చేయండి.

ఇంకో సాయం ఉంది, డబ్బు కంటే విలువైంది. మీకు తెలిసింది చెప్పడం. ఆఫీసులో, ఆస్పత్రిలో, మీ పిల్లల స్కూల్లో రంగును బట్టి, యాసను బట్టి తేడా చూపడం మీ కళ్లముందు జరిగితే, ఆ విషయం రాసేవాళ్లకు చెప్పండి. మొదటి మాటలోనే షరతు తేల్చుకోండి. పేరు వేయాలా, వేయకూడదా, అసలు ప్రచురించకుండా కేవలం తెలుసుకోవడానికేనా? అంతా చెప్పేశాక ఇది రాయొద్దు అంటే వాళ్లు కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదు. ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు ఈమెయిల్, ఆఫీసు వైఫై వాడకండి. సొంత ఫోన్లో సిగ్నల్ యాప్‌లో మాట్లాడండి. కంపెనీ పత్రాలు పంపే ముందు ఉద్యోగ చట్టాల లాయర్‌ను కలవండి.

వాళ్లు చిక్కుల్లో పడినప్పుడు

2020 మే 29న మినియాపొలిస్‌లో సీఎన్ఎన్ విలేకరి ఒమర్ హిమెనెజ్‌ను లైవ్ ప్రసారం నడుస్తుండగానే పోలీసులు అరెస్టు చేశారు. జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగి నాలుగు రోజులు. సుమారు గంటలో విడుదలయ్యాడు, గవర్నర్ క్షమాపణ చెప్పాడు. అతని వెనక ఒక పెద్ద సంస్థ ఉంది.

మారియో గెవారా సంగతి చూడండి. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి అట్లాంటా ప్రాంతంలో స్పానిష్‌లో వార్తలు ఇచ్చేవాడు. వలసదారులను పట్టుకోవడానికి అధికారులు చేసే దాడులను లైవ్ పెట్టేవాడు, సొంత వార్తా సంస్థ నడుపుకునేవాడు. పని చేసుకునే అనుమతి ఉంది. 2025 జూన్ 14న ఒక నిరసనను చిత్రీకరిస్తుండగా అరెస్టు చేశారు. కేసు నిలబడలేదు, అభియోగాలు కొట్టేశారు. అయినా వలస అధికారుల చేతికి అప్పగించారు, 100 రోజులకు పైగా నిర్బంధంలో ఉంచి అక్టోబరు 3న దేశం నుంచి పంపేశారు. అతని కుటుంబం ఇక్కడే ఉండిపోయింది.

ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది నిజమేదో చూసుకోవడం. ఫ్రీడమ్ ఆఫ్ ది ప్రెస్ ఫౌండేషన్ నడిపే యూఎస్ ప్రెస్ ఫ్రీడమ్ ట్రాకర్‌లో విలేకరుల అరెస్టులు, దాడులు తేదీలతో సహా నమోదవుతాయి. ఘటన జరిగిన గంటల్లోనే దొంగ విరాళాల పేజీలు పుట్టుకొస్తాయి కాబట్టి, ఆ జర్నలిస్టు సొంత సైట్‌లోనో, కుటుంబం పెట్టిన ప్రకటనలోనో ఉన్న లింకు ద్వారానే ఇవ్వండి. మీకు తెలిసిన విలేకరే చిక్కుల్లో ఉంటే రిపోర్టర్స్ కమిటీ ఫర్ ఫ్రీడమ్ ఆఫ్ ది ప్రెస్ వాళ్ల న్యాయ సహాయ హాట్‌లైన్ గురించి చెప్పండి, ఉచితం. మీ నియోజకవర్గం కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి, మనిషి పేరు, అరెస్టు తేదీ, మీ జిప్‌కోడ్ చెప్పండి. ఓటు లేనివాళ్లు కూడా అక్కడ నివాసులే, ఫోన్ చేయొచ్చు.

ఆన్‌లైన్‌లో బూతులు, బెదిరింపులు మొదలైతే ఆ బూతులను ఖండిస్తూ మళ్లీ షేర్ చేయకండి. అవి ఇంకా ఎక్కువమందికి చేరతాయి. ఆ పోస్టులను రిపోర్టు చేసి, ఆ జర్నలిస్టుకు విడిగా రెండు మాటలు రాయండి. మీరు రాసింది చదివాను, అందులో ఫలానా విషయం నాకు కొత్తగా తెలిసింది అని. నల్లజాతి మహిళా జర్నలిస్టుల ఇన్‌బాక్స్ తెరిస్తే ఉండేదంతా విషమే, అందులో ఇలాంటి ఉత్తరం ఒకటి ఉండాలి.

మన గురించి రాసినప్పుడు

దీనికి ముందే సిద్ధపడండి. అన్యాయాన్ని వెతికేవాళ్లు ఒకరోజు మన గుమ్మం ముందుకూ వస్తారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ చర్చలో మన సమాజం రెండుగా చీలింది. ఐటీ ఆఫీసుల్లో కులం అడగడం, అద్దెకు ఇల్లు ఇచ్చేటప్పుడు ఇంటిపేరు ఆరా తీయడం, నల్లజాతివాళ్ల గురించి మన విందుల్లో దొర్లే మాటలు, వీటి మీద కూడా కథనాలు వస్తాయి. రావాలి కూడా.

అలాంటి వార్త వచ్చిన రోజున చందా రద్దు చేయకండి. అందులో తప్పు ఉంటే ఏ వాక్యం తప్పో, ఎందుకు తప్పో రాసి దిద్దుబాటు అడగండి. తప్పు లేకపోతే వాళ్లు పని సరిగ్గా చేస్తున్నట్టే. డబ్బు ఇస్తున్నాం కదా అని ఇది రాయండి, అది రాయకండి అనడం మొదలుపెడితే అది చందా కాదు, బేరం. దళిత కుటుంబాల నుంచి వచ్చిన తెలుగు పిల్లలు ఇక్కడ జర్నలిజం చదువుతుంటే వాళ్లకు ఇంకా గట్టిగా అండగా ఉండండి. సౌత్ ఏషియన్ జర్నలిస్ట్స్ అసోసియేషన్, ఐడా బి. వెల్స్ సొసైటీ లాంటి సంస్థల గురించి చెప్పండి. ఐడా బి. వెల్స్ పేరుతో 2016లో ఏర్పడిన ఆ సొసైటీ నల్లజాతి, ఇతర వర్గాల యువ విలేకరులకు పరిశోధనాత్మక జర్నలిజంలో శిక్షణ ఇస్తుంది.

ఏడాదికోసారి

జనవరిలో ఒక గంట పెట్టుకుని మీరు చందా కడుతున్నవాళ్లు గడిచిన ఏడాది ఏం రాశారో తిరగేయండి. నచ్చితే కొంచెం పెంచండి. డబ్బు ఇబ్బంది వచ్చి ఆపాల్సి వస్తే, ఉద్యోగం పోయింది, మళ్లీ దొరికాక వస్తాను అని ఒక లైను రాసి ఆపండి. చాలామంది ఉచితంగానే పంపుతుంటారు. చివరిగా, బ్యాంకు కొత్త కార్డు పంపినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో, కరెంటు బిల్లులో నంబరు మారుస్తాం గానీ ఈ చందాలు గుర్తుకు రావు. పాత కార్డు గడువు తీరి, మీకు తెలియకుండానే చందా ఆగిపోతుంది, అటువైపు మనిషి మీరు కావాలనే మానేశారనుకుంటారు. కొత్త కార్డు యాక్టివేట్ చేసిన రోజే ఆ సైట్లలో కూడా నంబరు మార్చేయండి.